ఫైటా? డ్యూయెట్టా? చైనా కత్తియుద్ధాల సినిమాల్లో ప్రేమ, రంగులు

కోనసీమ_కుర్రోడు | శనివారం, రాత్రి 11:42

నిన్న రాత్రి ఇంట్లో 'హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్' పెట్టాను. 2004లో వచ్చిన సినిమా. అప్పట్లో హాస్టల్లో ఎవడి కంప్యూటర్లోనో అరచేతంత బొమ్మలో చూశాను. ఇప్పుడు పెద్ద టీవీలో, సబ్‌టైటిల్స్‌తో. చైనా సినిమా అనగానే మా ఆవిడ మూతి ముడిచింది. కానీ మొదట్లోనే ఆ డప్పుల ఆట వచ్చేసరికి చేతిలో ఉన్న బఠానీల గిన్నె పక్కన పెట్టేసింది.

చూడనివాళ్ళ కోసం: గుండ్రంగా నిలబెట్టిన డప్పుల మధ్య చూపులేని నాట్యకత్తె నిలబడుతుంది. ఎదురుగా కూర్చున్న పోలీసు అధికారి ఒక గింజ విసురుతాడు. ఏ డప్పు మోగితే ఆ డప్పునే ఆమె తన అంగీకున్న బారెడు పట్టు చేతులతో కొట్టాలి. ఒక గింజ, తర్వాత కొన్ని, చివరికి గిన్నె మొత్తం.

అడవిలో పారిపోవడాలు మొదలయ్యాక మా ఆవిడ అడిగింది: "ఇంతకీ వీళ్ళు కొట్టుకుంటున్నారా, ప్రేమించుకుంటున్నారా?" నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు? కథ చెప్పేటప్పుడు కాస్త చూసుకోండి, ముగింపు తెలియనివాళ్ళు ఉండొచ్చు.

---

కారంబూందీ | శనివారం, రాత్రి 11:58

రెండూ కాదు బ్రో, ఎగురుతున్నారు. తాళ్ళు కట్టుకుని.

సీరియస్‌గా చెప్తున్నా, నాకు ఈ సినిమాలు ఎప్పుడూ ఎక్కలేదు. ఫొటోలు బాగుంటాయి, ఒప్పుకుంటా. క్యాలెండర్ కూడా బాగుంటుంది. ఆ అమ్మాయి గుండెల్లో కత్తి దిగుతుంది, ఆకులన్నీ ఎర్రగా ఉంటాయి. ఇద్దరు మగాళ్ళు కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉంటే మంచు పడిపోతుంది, అంతా తెల్లగా అయిపోతుంది, ఆ అమ్మాయి మళ్ళీ లేస్తుంది. ఒక్క ఫైటులో రెండు రుతువులు. మన హీరోలకు ఇలాంటివి పెడితే మీమ్స్ చేస్తారు. వాళ్ళు చేస్తే ఆర్టు!

---

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 6:30

ముగింపు చెప్పేశారు కారంబూందీ గారూ. ఇక దాచి లాభం లేదు కాబట్టి టైటిల్ పక్కన 'స్పాయిలర్ ఉంది' అని పెడుతున్నాను. కానివ్వండి.

---

లెన్స్_మాస్టారు | ఆదివారం, ఉదయం 8:15

ఆ మంచు సంగతి నేను చెప్తాను. నాది కెమెరా డిపార్ట్‌మెంటే కాబట్టి ఇలాంటివి గుర్తుంటాయి.

ఆ చివరి భాగం తీసింది చైనాలో కాదు, ఉక్రెయిన్‌లో. పూల మైదానాలు, ఎర్రటి చెట్లు అక్కడివి. షూటింగ్ మధ్యలో మంచు ముందుగానే పడిపోయింది. మామూలు దర్శకుడైతే యూనిట్‌ని హోటల్‌కి పంపి నిర్మాతతో ఫోన్లో ఏడుస్తాడు. జాంగ్ యిమౌ ఆ మంచునే కథలో కలుపుకున్నాడు. ఒకే పోరాటంలో కాలం మారిపోయినట్టు కనిపించడానికి అసలు కారణం అది. కానీ చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఆ ఇద్దరూ ఎంతసేపు కొట్టుకున్నారో వాళ్ళకే తెలియలేదనిపిస్తుంది. వాతావరణం చేసిన పనిని తన పని చేసుకున్నాడు. కెమెరామన్ జావో షియావోడింగ్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది కూడా.

పాటలకు మనవాళ్ళు విదేశాలు వెళ్తారని ఎగతాళి చేస్తాం కదా. వీళ్ళు ఫైటుకు వెళ్ళారు. తర్వాత మన 'నాటు నాటు' తీసింది కూడా ఉక్రెయిన్‌లోనే, కీవ్‌లో. ఊరికే గుర్తొచ్చింది.

---

గడ్డిపూలు | ఆదివారం, ఉదయం 9:47

కోనసీమ గారూ, మీ ఆవిడ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. నా మాట చెప్తాను, తప్పైతే తిట్టండి.

మన సినిమాలో హీరో హీరోయిన్ ప్రేమించుకున్నారని చెప్పాలంటే పాట పెడతారు. ఫైటు వేరు, పాట వేరు. ఫైట్ మాస్టర్ వేరు, డాన్స్ మాస్టర్ వేరు. ఇక్కడ పాట లేదు. ఉన్నా ఒక్కటే. మనసులో మాట నోటితో చెప్పకూడని సమాజం, చెప్పుకోవడానికి వీల్లేని మనుషులు. మరి ప్రేమ ఎక్కడ చూపించాలి? ఫైటులోనే చూపించాలి. అందుకే ఆ ఫైటు అంత అందంగా, అంత నెమ్మదిగా, మనిషి చుట్టూ మనిషి తిరిగినట్టు ఉంటుంది. అది వాళ్ళ డ్యూయెట్.

'క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్' (2000) తీసుకోండి. ఎడారిలో దొంగల నాయకుడు లో, బండిలో వెళ్తున్న పెద్దింటి పిల్ల జెన్ దువ్వెన ఎత్తుకుపోతాడు. ఆ పిల్ల గుర్రమెక్కి వాడి వెంట పడుతుంది. దువ్వెన కోసం కొట్టుకుంటారు, గుహలో కొట్టుకుంటారు, తిండి తినేటప్పుడూ కొట్టుకుంటారు. ఏ దెబ్బ దగ్గర అది ప్రేమ అయిందో చెప్పలేం. ఆ దువ్వెన గురించి వాళ్ళు మాట్లాడుకున్న దానికంటే ఎక్కువ ప్రేమ మాటలు ఆ సినిమాలో ఆ జంటకు లేవు.

అదే సినిమాలో పెద్ద జంట లీ మూబాయ్, యూ షూలియెన్‌ల మధ్య ఒక్క దెబ్బ కూడా లేదు. వాళ్ళు ఒకరితో ఒకరు కత్తి దూయరు. ఆమెకు నిశ్చయమైన పెళ్ళికొడుకు చచ్చిపోయాడు. అతను మూబాయ్‌కి ప్రాణమిచ్చే సోదరుడి వరస. ఆ పరువు అడ్డం. వెదురు మండపంలో టీ తాగుతూ అతను ఒక్కసారి ఆమె చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంటాడు. చివరి క్షణాల దాకా అంతే. నేను అక్కడ ఏడ్చినంత చివర్లో ఏడవలేదు.

---

కారంబూందీ | ఆదివారం, ఉదయం 10:02

> "అది వాళ్ళ డ్యూయెట్"

సరే గడ్డిపూలు గారూ, మాట బాగుంది. కానీ వెదురడవిలో లీ మూబాయ్ వేషం వేసిన చౌ యున్ ఫాట్ వెదురు కొమ్మ మీద ఊగుతూ కొట్టేది ప్రేయసిని కాదుగా, ఆ చిన్నపిల్ల జెన్‌నిగా? అక్కడ డ్యూయెట్ ఎవరితో?

---

గడ్డిపూలు | ఆదివారం, ఉదయం 10:20

అక్కడే కదండీ ఆ సినిమా చెప్పీచెప్పకుండా వదిలేసిన సంగతి! "నా శిష్యురాలివి కా" అని వెంటపడతాడు. అది గురుత్వమేనా, ఇంకేదైనా కలిసిందా? తెల్లబట్టలు, పచ్చటి వెదురు, కొమ్మ కిందికి వంగినప్పుడు ఆ అమ్మాయి ముఖం అంత దగ్గరగా రావడం. జీవితమంతా తనను తాను అదుపులో పెట్టుకున్న మనిషి నేల మీద కాలు పెట్టకుండా ఊగుతున్నాడు. ఆంగ్ లీ ఊరికే అలా తీశాడనుకోను.

---

పాతరీలు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అందరూ వెదురడవి అంటున్నారు, దాని తాత గురించి ఒక్కరూ ఎత్తలేదు. పిల్లలూ, ముందు కింగ్ హూకి దండం పెట్టుకోండి.

1971లో తైవాన్‌లో ఆయన తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్'. మూడు గంటలు దాటిన సినిమా. మొదటి ఫైటు రావడానికే దాదాపు గంట పడుతుంది. అప్పటిదాకా పాడుబడ్డ కోట, సాలెగూళ్ళు, పొగమంచు, పక్కింట్లోకి కొత్తగా వచ్చిన ఆడమనిషిని చూసి అయోమయపడే ఒక బొమ్మలు గీసే కుర్రాడు. ఆ వెదురడవి పోరాటంలో కంప్యూటర్ లేదు. ట్రాంపొలిన్ మీద గెంతడం, ఆ గెంతును ముక్కలు ముక్కలుగా కోసి అతికించడం. మనిషి ఎగిరాడని నమ్మించింది ఎడిటింగ్. 1975లో కాన్ ఉత్సవంలో సాంకేతిక బహుమతి వచ్చింది.

2000లో ఆంగ్ లీ, 2004లో జాంగ్ యిమౌ మళ్ళీ వెదురడవిలోకి వెళ్ళారంటే అది కాపీ కాదు, మన దగ్గర భామాకలాపం మళ్ళీ మళ్ళీ ఆడినట్టు. ప్రతివాడూ తన సత్తా అక్కడ చూపించుకోవాలి.

ఇంకొక్క మాట. 'క్రౌచింగ్ టైగర్'లో విషపు సూదులు విసిరే ముసలి విలన్ జేడ్ ఫాక్స్ ఉంది చూశారా, ఆవిడ చెంగ్ పెయ్‌పెయ్. 1966లో కింగ్ హూ 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కత్తి పట్టిన హీరోయిన్ ఆవిడే. 2024లో పోయారు. ఆవిడ నాట్యం నేర్చుకున్న మనిషి. మిషెల్ యో బ్యాలే నేర్చుకుంది. జాంగ్ జీయీ బీజింగ్‌లో డాన్స్ స్కూల్లో చదువుకున్న పిల్ల. గడ్డిపూలమ్మా, నీ డ్యూయెట్ వాదానికి ఇది కలుపుకో. డాన్స్ మాస్టర్, ఫైట్ మాస్టర్ అక్కడ ఒకటే శరీరంలో ఉన్నారు.

---

సిచువాన్_మిరియం | ఆదివారం, మధ్యాహ్నం 3:35

నేను సిచువాన్‌లో ఎంబీబీఎస్ చేశాను, అందుకే ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. కొన్ని మాటలు తెలిస్తే సినిమా ఇంకోలా కనిపిస్తుంది.

ఈ కథల్ని 'వుషియా' అంటారు. 'వూ' అంటే యుద్ధవిద్య, 'షియా' అంటే ఆ విద్యను న్యాయం కోసం వాడే మనిషి. వీళ్ళు బతికే లోకం పేరు 'జియాంగ్‌హు'. మాటకు మాట చూస్తే 'నదులు, చెరువులు'. రాజుగారి చట్టం చేరని చోటు. అక్కడ మాట, గురువు, అప్పు, పగ ఇవే చట్టం. ఎవరో ఒకరికి బాకీ ఉన్నవాడు తన ఇష్టం వచ్చినట్టు ప్రేమించలేడు. అందుకే ప్రతి ప్రేమకథలోనూ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతూ ఉంటారు.

'ఫ్లయింగ్ డాగర్స్' అనేది ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు. చైనా పేరు 'షి మియాన్ మై ఫు', అంటే పది వైపులా పొంచి ఉన్న దాడి. అదే పేరుతో పీపా అనే వీణలాంటి వాద్యం మీద వాయించే పాత కృతి ఒకటుంది. క్రీస్తు పూర్వం 202లో షియాంగ్ యూ అనే వీరుడు నాలుగు వైపులా శత్రువు చుట్టుముట్టగా ఓడిపోయిన యుద్ధం దాని విషయం. ఆ వీరుడి వెంట చివరిదాకా ఉన్న ప్రియురాలి కథ అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంటే పేరు వినగానే చైనా ప్రేక్షకుడికి కత్తితో పాటు ఆ వియోగం కూడా గుర్తొస్తుంది.

ఆ డప్పుల సీను ముందు ఆ అమ్మాయి పాడే పాట సొంతంగా రాసింది కాదు. హాన్ చక్రవర్తి వూ దర్బారులో లి యాన్నియన్ అనే గాయకుడు పాడిన పాట. ఉత్తరాన ఒక అందగత్తె ఉంది, ఒకసారి చూస్తే నగరం కూలిపోతుంది, రెండోసారి చూస్తే రాజ్యమే కూలిపోతుంది అని. చక్రవర్తి ఎవరామె అని ఆరా తీస్తే, ఆ గాయకుడి చెల్లెలు! రాణివాసంలోకి తీసుకున్నాడు. సినిమా చివర్లో ఆ అమ్మాయిని ఒళ్ళో పెట్టుకుని కుర్రాడు అదే పాట అందుకుంటాడు. మొదటిసారి విన్నప్పుడు అది సానికొంపలో పాట. రెండోసారి వినేసరికి నిజంగానే అన్నీ కూలిపోయి ఉన్నాయి.

---

కారంబూందీ | ఆదివారం, మధ్యాహ్నం 3:50

ఇది నాకు తెలియదు. బాగుంది.

కానీ నా పాత గొడవ ఇంకా ఉంది. ఒకపక్క ప్రభుత్వ సైన్యం ఆ 'ఫ్లయింగ్ డాగర్స్' అనే రహస్య దళాన్ని చుట్టుముడుతుంది. ఆ యుద్ధం ఏమైంది? సినిమా అక్కడే వదిలేసింది! టికెట్ కొన్నవాడికి యుద్ధం చూపించాలా వద్దా?

---

లెన్స్_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:05

అందులో ఒక విషాదం ఉంది. ఆ దళానికి నాయకురాలిగా అనితా ముయ్ చేయాల్సింది. హాంకాంగ్‌లో పెద్ద గాయని, నటి. జబ్బు చేసి 2003 డిసెంబర్ 30న చనిపోయింది. ఇంకొకర్ని పెట్టకుండా దర్శకుడు కథే మార్చుకున్నాడు. సినిమాను ఆవిడకు అంకితం చేశారు.

అయినా నాకు ఆ యుద్ధం చూపించకపోవడమే నచ్చింది. సైనికులు వెదురు పొదల్లోంచి పాకుతూ వస్తారు, కెమెరా వాళ్ళను వదిలి ముగ్గురు మనుషుల దగ్గరికి వెళ్ళిపోతుంది. మూడేళ్ళు వేషం వేసి ఎదురుచూసినవాడు ఒకడు. మూడు రోజుల పరిచయంలో మనసు దోచుకున్నవాడు ఇంకొకడు. ఆ ముగ్గురికీ ఇక సామ్రాజ్యం పట్టదు, కెమెరాకూ పట్టదు.

---

వంకాయకూర | ఆదివారం, సాయంత్రం 5:40

మూడేళ్ళు ఎదురుచూసినవాడి బాధ ఎవరికీ పట్టదా? నేను మొత్తం సినిమా ఆండీ లౌ పక్షం. 🙁

---

లెన్స్_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:30

వంకాయకూర గారికి నా సానుభూతి. ఇప్పుడు 'హీరో' (2002) గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు, ఓపికగా చదవండి.

ఇందులోనూ దర్శకుడు జాంగ్ యిమౌనే. ఒకే కథను మళ్ళీ మళ్ళీ చెబుతాడు. ప్రతిసారీ రంగు మారుతుంది. ఎరుపులో చెప్పినప్పుడు 'విరిగిన కత్తి', 'ఎగిరే మంచు' అనే ఆ ప్రేమికులు అసూయతో ఒకరినొకరు నాశనం చేసుకుంటారు. నీలంలో చెప్పినప్పుడు ఒకరి కోసం ఒకరు ప్రాణమిస్తారు. ఆకుపచ్చ పాత జ్ఞాపకం. తెలుపు జరిగిన నిజం. చూడటానికి అందమని వేసిన రంగులు కావవి, ఎవరి నోటి నుంచి వచ్చిన కథో చెప్పే గుర్తులు. కెమెరా క్రిస్టఫర్ డాయిల్, దుస్తులు జపాన్ ఆవిడ ఎమి వాడా. జాంగ్ యిమౌ కూడా మొదట కెమెరామనే, 1984లో 'ఎల్లో ఎర్త్'కి కెమెరా పట్టింది ఆయనే. అంతకుముందు సాంస్కృతిక విప్లవం రోజుల్లో నూలు మిల్లులో పనిచేశాడు. ఆయన సినిమాల్లో గుడ్డ ఎప్పుడూ అంత బరువుగా, అంత ప్రాణంతో కదలడానికి ఆ మిల్లుకు ఏమైనా సంబంధం ఉందేమోనని నా ఊహ మాత్రమే.

ఇన్నర్ మంగోలియాలో పసుపుపచ్చటి ఆకుల అడవిలో ఇద్దరు ఎర్రబట్టల ఆడవాళ్ళు పోట్లాడుకుంటారు. ఒకరు చావగానే అడవంతా ఎరుపెక్కుతుంది. చాలామందికి ఇదే ఇష్టం. నాకు మాత్రం సరస్సు సీను. చనిపోయిన ప్రియురాలు నీటి మధ్య మండపంలో పడుకుని ఉంటుంది. ఆమె కోసం ఇద్దరు మగాళ్ళు అద్దంలాంటి నీటి మీద తేలుతూ పోరాడతారు. ఆ పోరాటంలో ఒక నీటి చుక్క ఎగిరి ఆమె చెంప మీద పడుతుంది. 'విరిగిన కత్తి'గా చేసిన టోనీ లెయుంగ్ ఫైటు వదిలేసి వెళ్ళి ఆ చుక్క తుడుస్తాడు. ఎదుటివాడి కత్తి వెనకే వస్తోంది, వీడికి పట్టదు. కత్తి పట్టినవాడే చూసి ఆగిపోతాడు.

---

సిచువాన్_మిరియం | ఆదివారం, రాత్రి 9:00

ఆ సరస్సు మా సిచువాన్‌లోనే, జియుజైగౌ లోయలో! సెలవుల్లో వెళ్ళాను. నీళ్ళు నిజంగానే ఆ రంగులో ఉంటాయి, గ్రాఫిక్స్ అనుకోకండి. 2017 ఆగస్టులో అక్కడ పెద్ద భూకంపం వచ్చి లోయలో కొన్ని చెరువులు దెబ్బతిన్నాయి, తర్వాత మళ్ళీ తెరిచారు. గాలి వీస్తే మాత్రం అద్దం పోయి మామూలు చెరువే. ఆ నీళ్ళు కదలని వేళ కోసం యూనిట్ ఎంత ఓపిక పట్టి ఉంటుందో నాకు అక్కడ నిలబడితే తెలిసింది.

---

పాతరీలు | ఆదివారం, రాత్రి 9:25

'హీరో' కంటికి విందే. కానీ చివరికి అది చెప్పేదేమిటి? దేశమంతా ఒక్కటి కావాలంటే క్రూరుడైన రాజునైనా బతకనివ్వాలని. ఆ మాట మీద అప్పుడే చాలా గొడవ జరిగింది. బాణాల వాన అందంగా ఉందని మురిసిపోతున్నప్పుడు ఆ బాణాలు ఎవరివో కూడా చూడండి. అంతకంటే సాగదీయను, థ్రెడ్ ప్రేమ మీద కదా.

ప్రేమ మీదే అయితే 1993 నాటి 'ది బ్రైడ్ విత్ వైట్ హెయిర్' చూడండి. ప్రియుడు నమ్మలేదన్న క్షణంలో బ్రిజిట్ లిన్ జుట్టు తెల్లబడిపోతుంది. ఆ తర్వాత ఆ జుట్టే ఆయుధం. కెమెరా పీటర్ పౌ. ఏడేళ్ళ తర్వాత 'క్రౌచింగ్ టైగర్'కి ఆస్కార్ అందుకున్నది ఆయనే.

---

వంకాయకూర | సోమవారం, ఉదయం 7:50

'ది అసాసిన్' (2015) గురించి ఎవరూ రాయలేదు. కాన్‌లో దర్శకుడికి బహుమతి వచ్చిందని పెట్టాను. రెండుసార్లు నిద్రపోయాను. నిజం చెప్పాలంటే రెండుసార్లూ హాయిగా పట్టింది.

---

గడ్డిపూలు | సోమవారం, ఉదయం 9:12

😀 పరదాల సీను దాకా మెలకువగా ఉండాల్సింది. చంపడానికి వచ్చిన అమ్మాయి పల్చటి పట్టు తెరల వెనక నిలబడి, ఒకప్పుడు తనకు మొగుడు కావలసినవాడు వేరే ఆడదానితో మాట్లాడుతుంటే వింటూ ఉంటుంది. గాలికి తెర అడ్డం వస్తుంది, తొలుగుతుంది. ఫైటు లేదు. కత్తి ఉంది, దూయదు.

నిన్నటి నుంచీ ఒకటి చెప్పాలనుకుంటున్నా. పోతన భాగవతంలో నరకాసురుడితో సత్యభామ యుద్ధం చదివినవాళ్ళకు ఈ సినిమాలు అంత కొత్తగా ఉండవు. ఒక చూపు శత్రువు మీద, ఇంకో చూపు పక్కనున్న కృష్ణుడి మీద. కనుబొమ్మలు అటు ముడిపడతాయి, పెదవి ఇటు నవ్వుతుంది. వీరం, శృంగారం రెండూ ఒకే ముఖంలో ఒకే క్షణంలో. మా తెలుగు మాస్టారు ఆ పద్యం చెబుతూ తానే విల్లు పట్టినట్టు నిలబడేవారు. మన సినిమా దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి డాన్స్ మాస్టర్‌కి, ఒకటి ఫైట్ మాస్టర్‌కి ఇచ్చేసింది.

---

కారంబూందీ | సోమవారం, ఉదయం 9:40

పోతనగారిని తెచ్చాక నేనేం మాట్లాడగలను అండీ. ఇది ఫౌల్.

(వెదురడవి సీన్లు మూడూ వరసగా మళ్ళీ చూశాను. ఎవరికీ చెప్పకండి. కింగ్ హూది బాగుంది.)

---

పాతరీలు | సోమవారం, ఉదయం 9:44

అలా రా దారికి.

---

కోనసీమ_కుర్రోడు | సోమవారం, రాత్రి 11:20

అందరికీ థ్యాంక్స్. మీ మాట విని ఈరోజు 'హీరో' పెట్టాను. మా ఆవిడ రంగులన్నిటికీ చీరల పేర్లు చెబుతూ కూర్చుంది. సరస్సు సీను వచ్చింది. టోనీ లెయుంగ్ ఆ నీటి చుక్క తుడిచాడు. పాజ్ చేయించింది.

"చూశావా, చుక్క తుడవడానికి కత్తి పక్కన పెట్టాడు. నేను పిలిస్తే నువ్వు రిమోట్ కూడా పక్కన పెట్టవు."

రేపు ఏం చూడమంటారు? మొగుళ్ళకు ఇబ్బంది లేనిది ఏదైనా ఉంటే చెప్పండి.